స్విచ్చు మీద బొట్టు

"శుక్రవారం ఒంటిగంటకి ఎక్కడున్నావు కూర్మయ్యా?"

"బేంకులో ఉన్నానమ్మా. సత్రపురం బేంకులో."

"ఎవరు పంపారు?"

"బాబే పంపారు. జీపెక్కించి మరీ పంపారు."

"మళ్లీ ఫ్యాక్టరీకి ఎన్నింటికొచ్చావు?"

"నాలుగైపోనాది. గేటుకాడ గడియారం సూసినాను. నానొచ్చేసరికి గోడౌను తలుపులు బార్లా తీసున్నాయి. పెట్టెలు లేవు. నాకేటి తెలుసమ్మా?"

ఒంటిగంట, నాలుగు అని వసుధ తన చిన్న పుస్తకంలో వేసుకుంది. ఆ రెండు అంకెల మధ్యలో శ్యామ్ టీవీల ఫ్యాక్టరీ గోడౌనులోంచి మూడు వందల అరవై టీవీ తెరలు మాయమయ్యాయి. తాళంచెవుల గుత్తి స్టోర్‌కీపర్ కూర్మయ్య మొలతాడుకే ఉంటుంది కాబట్టి దొంగ కూర్మయ్యేనని అందరూ తేల్చేశారు. రెండో గుత్తి యజమాని శ్యామ్ బాబు బీరువాలో ఉంటుందన్న సంగతి ఎవరూ అంతగా పట్టించుకోలేదు. కూర్మయ్యది సముద్రం ఒడ్డున మార్కండి. భుజం పాడై వల వదిలేసి, మూడేళ్లుగా ఇక్కడ తాళాలు కాస్తున్నాడు. ఇప్పుడు వాచ్‌మన్ గదిలో స్టూలు మీద కూర్చుని తలెత్తకుండా మాట్లాడుతున్నాడు.

వెనక నిలబడ్డ అతని భార్య ఎర్రమ్మ ఇక ఆగలేకపోయింది.

"ఒకల సొమ్ము ముట్టుకునే మనిషి కాదమ్మా ఈడు. బాబు మాకు సానా సేసారు. బేంకులో కాతా తెరిపించారు, పేన్ కార్డు సేయించారు. ఆరి సొమ్ము ఈడు తింతాడా?"

ఎర్రమ్మ ఈ ఉదయమే బరంపురం వచ్చి, గోసాని నువాగాంలో వసుధ ఆఫీసు మెట్లెక్కి, ఫీజు కింద ఎండు నెత్తళ్ల సంచి బల్ల మీద పెట్టింది. ఆ ఊళ్లో ఏ ప్రైవేటు డిటెక్టివ్‌కీ అంత వాసనగల ఫీజు ముట్టి ఉండదు. వసుధ కాదనకుండా తీసుకుంది. నిజం చెప్పొద్దూ, ఆమెని ఇక్కడిదాకా లాక్కొచ్చింది నెత్తళ్లూ కాదు, ఎర్రమ్మ కన్నీళ్లూ కాదు. శ్యామ్ టీవీల ధర. నలభై మూడు అంగుళాల టీవీ బరంపురంలో ఎక్కడ అడిగినా ఇరవై ఒక్క వేల అయిదు వందలు, శ్యామ్ దగ్గర మాత్రం పంతొమ్మిది వేల రెండు వందలు. ఏడాదిగా ఆమెకి ఆ తేడా పంట్లో ఇరుక్కున్న పీచులా ఉంది. నాన్న రేడియో షాపులో పెరిగిన మనిషి ఆమె. ఏ పెట్టె కనబడినా మూత విప్పి చూడందే నిద్రపట్టదు. అది ఆమె బలమూ, ఆమె జబ్బూ కూడా.

"పెట్టె ఎంత బరువుంటాది కూర్మయ్యా?"

"ఎనిమిది కేజీలమ్మా. సేపల గంపలు మోసిన బుజం, నాకు కాటా అక్కర్లేదు."

"ఒక్కో పెట్టెలో ఎన్ని తెరలు?"

"ఒకటే కామోసు. మూడొందల అరవై తెరలని రాసుంటే మూడొందల అరవై పెట్టెలు దించుకుని సంతకం ఎట్టాను. విప్పి సూడనిచ్చేవోరు కాదు."

వసుధ పెన్సిలు ఆగింది. ఉత్త తెర అంటే పల్చటి గాజు పలక. పలకకీ పలకకీ మధ్య మెత్త వేసి డజను చొప్పున ఒక పెట్టెలో సర్ది పంపుతారు. ఒంటి పలక ఎనిమిది కేజీలు తూగదు, దానికి వేరే పెట్టె కట్టే వెర్రివాడూ ఉండడు.

"అమ్మా, నన్ను జైల్లో ఎట్టేస్తారా?" అన్నాడు కూర్మయ్య.

"సూద్దాం. నువ్వు ఈ గది దాటి ఎక్కడికీ ఎళ్లకు," అంది వసుధ. అప్పటికే ఆమె మనసు లోపలి హాల్లోకి వెళ్లిపోయింది.

గుమ్మంలోనే అర్జున్ ఎదురయ్యాడు. ఇన్సూరెన్సు కంపెనీ తరఫున భువనేశ్వర్ నుంచి వచ్చిన దర్యాప్తు అధికారి. పుట్టింది ఈ జిల్లా భంజనగర్‌లోనే అయినా ఇస్త్రీ మడతలు మాత్రం రాజధానివి. కిందటేడు ఒక రైసుమిల్లు అగ్నిప్రమాదం కేసులో ఇతను రాసిన రిపోర్టుని వసుధ తలకిందులు చేసింది. ఆ మంట ఇంకా ఆరలేదు.

"వసుధగారూ, గడియారం చూశారా? పన్నెండూ పది. సరిగ్గా రెండింటికి నా రిపోర్టు వెళుతుంది. రెండున్నరకి పోలీసు జీపు వస్తుంది. ఈలోగా మీ సరదా తీర్చుకోండి."

"మూడు గంటల్లో మూడు వందల అరవై పెట్టెలు. అంటే నిమిషానికి రెండు. ఒక్క మనిషి వల్ల అవుతుందా?"

"ఒక్కడే అని నేనన్నానా? వాడు బేంకుకని వెళ్లి తాళాలు తనవాళ్ల చేతిలో పెట్టాడు. మార్కండిలో మోసే భుజాలకి కొరతా?"

"బేంకులో అడిగారా?"

"అడిగాను. ఎవరికీ గుర్తులేదు. శుక్రవారం రద్దీ."

"ఆ టైములో కెమెరా?"

"కరెంటు పోయింది."

"ఎక్కడ పోయింది? ఊళ్లోనా, ఈ ఫ్యాక్టరీలోనా?"

ఆ ప్రశ్న తనకి తట్టలేదని ఒప్పుకోవడం ఇష్టంలేక అర్జున్ ఫైలు తెరిచి అందులోకి చూశాడు. వసుధ అతన్ని దాటుకుని లోపలికి నడిచింది. అతను కూడా వెనకాలే వచ్చాడు, ఈవిడ ఏం ముట్టుకుంటుందోనని.

హాలు అద్దంలా ఉంది. పొడవాటి బల్లలు, బల్లల పైన తీగలకి వేలాడుతున్న కరెంటు స్క్రూడ్రైవర్లు, చివర్లో గోడ పొడుగునా ఇనుప అరలు. బడాబజార్‌లో మూడు తరాలుగా హోల్‌సేల్ చేస్తున్న వెంకటరమణమూర్తిగారి అబ్బాయి శ్యామ్ అక్కడ నిలబడి ఉన్నాడు. ముప్పై నాలుగేళ్లు, నుదుట సన్నటి తిరునామం, మనిషి మహా మర్యాదస్తుడు, ఎవరినైనా ఒడియా వాళ్లలా 'ఆజ్ఞా' అనే పిలుస్తాడు.

"రండి ఆజ్ఞా, రండి. మీ నాన్నగారు మా నాన్నగారి దగ్గరే రేడియో వాల్వులు కొనేవారు. చల్లగా ఏదైనా తాగుతారా?"

"తాగుతాను. ముందు ఒకటి సెప్పండి శ్యామ్‌గారూ. మీ టీవీ అంత చవక ఎలాగండీ? నేనడుగుతున్నది దొంగతనం గురించి కాదు, ఊరికే."

అర్జున్ నిట్టూర్చాడు. "ఇది దొంగతనం కేసా, బడ్జెట్ చర్చా?"

శ్యామ్ మొహం మాత్రం వెలిగిపోయింది. అడిగేవాళ్లు దొరికితే వ్యాపారి తన తెలివి దాచుకోలేడు. "ఏటంటే అండీ, తయారైన టీవీని బయటి దేశం నుంచి దించితే నూటికి ఇరవై సుంకం. ఉత్త తెరని దించితే అయిదు. టీవీ ఖరీదులో సగానికి పైన తెరదే. తెర తెచ్చుకుని, బోర్డూ స్పీకరూ మూతా ఇక్కడ బిగించుకుంటే ఆ తేడా అంతా మిగులుతుంది. సర్కారు కోరుకునేదీ అదే కదా, పని ఇక్కడ జరగాలని. నేను పదిమందికి పనిచ్చాను, జనానికి చవగ్గా ఇచ్చాను."

"బాగుంది. కానీ మిగతా కంపెనీలూ ఇలాగే బిగిస్తున్నాయి కదా? వాళ్లవెందుకు రెండు వేలు ఎక్కువ?"

"వాళ్లకి ప్రకటనల ఖర్చు, షోరూముల ఖర్చు."

"బోర్డులు కూడా బయటివేనా?"

"బయటివే."

"కిందటేడు బోర్డుల మీద సుంకం పెరిగినప్పుడు బడాబజార్‌లో ప్రతి షాపువాడూ టీవీకి మూడొందలు పెంచాడు. నేను అప్పుడు తిరిగి మరీ అడిగాను. మీరు రూపాయి పెంచలేదు."

ఒక్క క్షణం, అంతే, శ్యామ్ కనురెప్పలు ఆగాయి. "లాభం తగ్గించుకున్నానండీ."

వసుధ తలూపి, బల్లల వెంట నెమ్మదిగా నడిచింది. వేలాడే స్క్రూడ్రైవర్ ఒకటి చేతిలోకి తీసుకుంది. పిడి మీద గంధం చుక్క, దాని మీద కుంకుమ. పక్కదాని మీదా అంతే. మొత్తం పద్నాలుగు, పద్నాలుగింటికీ బొట్లు. ఆమెకి లోలోపల పండగలా అనిపించింది. చిన్నప్పుడు పాత రేడియో మూత కింద తెగిన తీగ కనబడినప్పుడు ఇలాగే ఉండేది. ఆ సంతోషం మొహం మీదికి రాకుండా ఇనుప అరల దగ్గరికి వెళ్లింది.

"ఇవేటి శ్యామ్‌గారూ?"

"బిగించిన ప్రతి టీవీనీ ఈ అరలో పెట్టి నాలుగు గంటలు వెలిగించి చూస్తామండీ. తట్టుకున్నదే పెట్టెలోకి వెళుతుంది."

"ప్రతి టీవీనీ?"

"ప్రతిదీ. రోజుకి ఇరవై. నాణ్యత దగ్గర నేను రాజీపడను."

"ఈ అరలకి కరెంటు ఎక్కణ్ణుంచి?"

"ఇదిగో, ఈ పెద్ద స్విచ్చే."

"వేరే లైను లేదా?"

"లేదండీ. ఒకటే."

"రాసుకోండి అర్జున్‌గారూ," అంది వసుధ. "వేరే లైను లేదు."

అర్జున్‌కి చిర్రెత్తింది. "నాకు మీరు రాయించేదేమిటి?" అన్నాడు. అంటూనే రాసుకున్నాడు.

స్విచ్చంటే గోడకి బిగించిన ఇనుప పెట్టె, దాని పక్కన కిందికి వాలి ఉన్న ఎర్రటి పిడి. పిడి మొదట్లో రూపాయంత బొట్టు. ఇంత గంధం ముద్ద మెత్తి దాని మీద కుంకుమ దిద్దారు. ఎండి రాయిలా గట్టిపడింది, కుంకుమ వెలిసి ఇటుకరంగులోకి వచ్చింది.

"ఎంత బాగా దిద్దారో. ఎవరు పెట్టారు?"

"నేనేనండీ, స్వయంగా. విశ్వకర్మ పూజకి."

"మొన్న సెప్టెంబరులోనా?"

"అవునండీ. ఏడాదికొక్కసారే కదా."

"తొమ్మిది నెలలైంది. తుడిచి మళ్లీ పెట్టలేదా?"

"అపచారం!" శ్యామ్ నిజంగానే నొచ్చుకున్నాడు. "మా ఇంట్లో పూజ బొట్టు తుడవరు. మళ్లీ పూజ దాకా ఇంకోటి పెట్టరు. పని జరుగుతూ ఉంటే అదే అరిగిపోవాలి. తాతగారి త్రాసు దగ్గర్నుంచీ అంతే."

"మా నాన్న కూడా అంతే," అంది వసుధ. "ఆయన సోల్డరింగ్ కడ్డీకి పెట్టిన బొట్టు మూడో రోజుకి ఉండేది కాదు. చెయ్యి రాసుకుని పోయేది. పోయిందంటే మురిసిపోయేవాడు, షాపు నడుస్తోందని."

శ్యామ్ వేలాడుతున్న స్క్రూడ్రైవర్ల వైపు చూశాడు.

"పద్నాలుగు పిడులు," అంది వసుధ. "రోజుకి ఇరవై టీవీల చొప్పున తొమ్మిది నెలల్లో అయిదు వేల టీవీలు అనుకుందాం. ఒక్క పిడి మీద ఒక్క బొట్టయినా అరగలేదు."

అర్జున్ కలగజేసుకున్నాడు. "పనివాళ్లు చేతి తొడుగులు వేసుకుంటారేమో! లేదా ఎవరో ఈమధ్యే పెట్టారేమో. బొట్లు చూసి రిపోర్టు రాస్తే మా ఆఫీసులో నన్ను పూజారిగా వేస్తారు."

"అయితే పిడులు వదిలేయండి. ఇటు రండి, వంగి చూడండి." ఆమె టార్చి వేసి స్విచ్చు మొదట్లో పట్టింది. "బొట్టు సగం పిడి మీదుంది, సగం ఇనుప పెట్టె మీదుంది. మధ్య సందులోకి గంధం దిగి రెండింటినీ అతికించేసింది. పిడి పైకి లేస్తే ఇది పగలాలి. ఒక్కసారి, ఒకే ఒక్కసారి స్విచ్చు వేసినా పగలాలి. చీలిక ఎక్కడైనా కనబడితే చూపించండి, నేను ఇప్పుడే ఇంటికెళ్లిపోతాను."

అర్జున్ వంగాడు. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ వంగాడు. లేచేసరికి అతని గొంతులో వెటకారం లేదు.

"చీలిక లేదు."

"శ్యామ్‌గారే చెప్పారు. వేరే లైను లేదు, ప్రతి టీవీ ఇక్కడే వెలగాలి. తొమ్మిది నెలలుగా ఈ అరకి కరెంటే రాలేదు. ఇక్కడ ఒక్క టీవీ కూడా తయారు కాలేదు."

"మరి ఊరినిండా ఉన్న టీవీలు?"

"కూర్మయ్య మోసిన ఎనిమిది కేజీల పెట్టెల్లోంచి వచ్చాయి. కాగితం మీద తెరలు, పెట్టెలో పూర్తి టీవీలు. నూటికి ఇరవై కట్టాల్సినచోట అయిదు కట్టి దించేశారు. ఆ రెండు వేల మూడు వందల తేడా అక్కణ్ణుంచి వచ్చింది. బోర్డుల మీద సుంకం పెరిగినా ధర కదలకపోవడానికి కారణమూ అదే. కొనని బోర్డుకి ధర పెరిగితే ఈయనకేటి?"

"దొంగతనం ఎందుకు మరి?" ఇప్పుడు అర్జున్ పోటీ మరిచిపోయాడు. అతనికీ కుతూహలం అంటుకుంది.

"తెరలేవీ అని సుంకం వాళ్లెవరైనా అడిగితే ఏం చెప్పాలి? టీవీల్లో బిగించేశామంటే బోర్డులూ స్పీకర్లూ మూతలూ ఎక్కడ కొన్నారో చూపించాలి. అవి కొననే లేదు. దొంగ ఎత్తుకుపోయాడంటే ఏ గొడవా లేదు. పైగా మీ కంపెనీ పరిహారం ఇస్తుంది. శుక్రవారం పోయినవి తెరలు కాదు అర్జున్‌గారూ, అసలు పోయినవే లేవు. ఆ టీవీలు ఎప్పుడో అమ్ముడై ఎవరి ఇళ్లలోనో మోగుతున్నాయి. ఒంటిగంటకి కెమెరాలు ఆగేలా ఫ్యాక్టరీ మెయిన్ తీసి, బీరువాలోని గుత్తితో ఖాళీ గోడౌను తలుపులు తెరిచి పెట్టారు, అంతే."

ఒకటీ యాభై అయింది. అర్జున్ తన రిపోర్టు మొదటి పేజీ చింపి నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. వసుధకి గాల్లో తేలినట్టుంది. రెండింటికి ఇంకా పది నిమిషాలుండగానే కూర్మయ్య గట్టెక్కాడు.

అప్పుడామె శ్యామ్ మొహం చూసింది. చెమట లేదు, వణుకు లేదు. తను చెబుతున్నంతసేపూ అతను చేతులు కట్టుకుని శ్రద్ధగా విన్నాడు. అది ఆమెకి నచ్చలేదు.

"బాగా చెప్పారండీ," అన్నాడు శ్యామ్. "క్లెయిమ్ వెనక్కి తీసేసుకుంటాను. ఇక దొంగతనం కేసు లేదు కదా? కూర్మయ్య మీద నాకూ కోపం లేదు. ఇక సుంకం సంగతి. మూడింటికి కస్టమ్స్ వాళ్లు వస్తున్నారు. నేనే పిలిచాను."

"మీరే పిలిచారా?"

"మరేటి సేస్తాం! నన్నూ మోసం చేశారు కదా. ఎవరో టీవీలు దించి తెరలని రాయించుకున్నారు. నేను వాళ్ల దగ్గర సరుకు కొన్నాను, అంతే. సుంకం కట్టాల్సింది దించినవాడండీ, కొన్నవాడు కాదు."

సొరుగు తెరిచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి, వసుధకి కాకుండా అర్జున్‌కి ఇచ్చాడు. అర్జున్ చదువుతూ చదువుతూ ఆగిపోయి, మాట్లాడకుండా కాగితం ఆమె వైపు తిప్పాడు. ఓడరేవులో సరుకు విడిపించుకున్న పత్రం. దిగుమతి చేసుకున్న సంస్థ పేరు సాగరతీర ట్రేడింగ్, ఊరు మార్కండి. కింద యజమాని ఫోటో. కాలరు దాకా గుండీలు పెట్టుకుని, బెదురుగా కెమెరాలోకి చూస్తున్న కూర్మయ్య. ఫోటో పక్కన ఒడియా అక్షరాల్లో వంకర సంతకం.

కాతా తెరిపించారు, పేన్ కార్డు సేయించారు. ఎర్రమ్మ ఇందాకే చెప్పింది. తను విన్నది, పుస్తకంలో వేసుకోలేదు.

ఎన్నింటికి వెళ్లావని అడిగింది. ఎన్నింటికి వచ్చావని అడిగింది. బేంకులో దేని మీద సంతకం పెట్టావని అడగలేదు. పెట్టె మూత తీసే సంబరంలో మనిషిని మరిచిపోయింది. దొంగతనం లేదని తను నిరూపించిన ప్రతి మాటా ఆ ఫోటోలోని మనిషి మెడకే చుట్టుకుంటోంది. దొంగతనమైతే మూడు వందల అరవై పెట్టెలు. ఇదైతే అయిదు వేల టీవీల సుంకం. వసుధకి తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఇంకా చల్లగా ఏదీ తీసుకోలేదు మీరు," అన్నాడు శ్యామ్.

ఆమె అప్పటికే పరుగెడుతోంది. అర్జున్ కూడా వెనకే వచ్చాడు, ఇస్త్రీ చొక్కా సంగతి మరిచిపోయి.

వాచ్‌మన్ గదిలో కూర్మయ్య లేచి నిలబడి ఉన్నాడు. పొద్దుట్నుంచీ ఎత్తని తల ఎత్తి నవ్వుతున్నాడు. "తేలిపోనాదంట కదమ్మా! మా మంచి బాబు. ఇక ఇంటికెల్లిపోమంటారా?"

"కూర్మయ్యా, శుక్రవారం బేంకులో దేని మీద పెట్టావు సంతకం?"

"నాకేటి తెలుసమ్మా. పీయెఫ్ అన్నారు. అంతకుముందూ ఓ నాలుగైదుసార్లు ఎట్టాను."

"సరే. ఇప్పట్నించి ఎవరేం చెప్పినా, ఏ కాగితం మీదా సంతకం పెట్టకు. అర్థమైందా? దేని మీదా వద్దు."

కూర్మయ్య నవ్వు సన్నగిల్లింది. భార్య మొహం చూశాడు, మళ్లీ వసుధ మొహం చూశాడు.

"ఇప్పుడే బాబు మనిషొచ్చాడమ్మా. కేసు కొట్టేస్తన్నారు, ఇక్కడ సంతకం ఎట్టీ అన్నాడు. ఎట్టేసాను."

అప్పుడే ఆ మనిషి జీపు గేటు దాటి ఎడమవైపు, బేంకున్న ఛత్రపురం దారి పట్టింది. అర్జున్ దాని నంబరు అరిచేతిలో రాసుకుంటున్నాడు.

"ఈడొక్కడే కాదమ్మా," అంది ఎర్రమ్మ, బొటనవేలికి అంటిన నీలం సిరాని చీరకొంగుకి తుడుచుకుంటూ. "ఇంటి కాయితం మీద కూడా కావాలన్నాడు. నాసేతా ఏలిముద్ర ఏయించుకున్నాడు."